టవరింగ్ ఇన్‌ఫెర్నోనా, స్వార్మా: ఏది చూడాలి?

ఈ రెండు హాలీవుడ్ విపత్తు సినిమాలకీ నిర్మాత ఇర్విన్ అలెనే. రెండూ రాసింది స్టిర్లింగ్ సిలిఫాంటే. మధ్యలో నాలుగేళ్లే తేడా. అయినా 1974 నాటి 'ద టవరింగ్ ఇన్‌ఫెర్నో' ఇప్పటికీ కూర్చున్నచోటి నుంచి లేవనివ్వదు. 1978లో అలెన్ స్వయంగా దర్శకత్వం వహించిన 'ద స్వార్మ్' చూస్తే మాత్రం, మైకేల్ కెయిన్, హెన్రీ ఫోండా లాంటి వాళ్లను పెట్టుకుని ఇలా తీశారేమిటని బాధేస్తుంది.

ఇన్‌ఫెర్నోలో మంట ఎక్కడ పుట్టిందో మనకు తెలుసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 138 అంతస్తుల భవనం, 81వ అంతస్తులో సామాన్ల గది. డబ్బు మిగుల్చుకోవడానికి వేసిన నాసిరకం వైరింగు. పైన 135వ అంతస్తులో ప్రారంభోత్సవం విందు. ఇక చూస్తున్నంతసేపూ మనసులో ఒకటే లెక్క: మంటకీ మనుషులకీ మధ్య ఇంకా ఎన్ని అంతస్తులున్నాయి? కొందరు ప్రాణాలకు తెగించి మెట్లెక్కి వస్తే విందు హాలు తలుపు తెరుచుకోదు. దానికి అడ్డంగా సిమెంటు గడ్డకట్టి ఉంటుంది. ఆ సిమెంటు ముద్ద పుట్టించే భయాన్ని స్వార్మ్‌లోని లక్షల తేనెటీగలు పుట్టించలేకపోయాయి.

స్వార్మ్‌లో తేనెటీగల దండు టెక్సాస్ మీద పడుతుంది. క్షిపణి కేంద్రం, బడి, రైలు, అణు విద్యుత్ కేంద్రం, చివరికి హ్యూస్టన్. ఒకచోటి దుఃఖం మనకు తగిలేలోపే ఇంకోచోటికి లాక్కెళ్తారు. పిల్లలు కూలిపోతుంటే బడి కిటికీలోంచి చూస్తూ నిలబడిపోయిన నటి ఒలీవియా డి హావిలాండ్ ముఖం నాకింకా కళ్లముందే ఉంది. అంతటి పాత్రను కాసేపటికే రైలు ప్రమాదంలో ముగించేశారు.

నిజానికి ఈ కథకు ఆధారం ఉంది. 1957లో బ్రెజిల్‌లో పరిశోధన కోసం పెంచుతున్న ఆఫ్రికా తేనెటీగలు తప్పించుకున్నాయి. వాటి సంతతి 1990లో టెక్సాస్ చేరింది. వాటి విషం మామూలు తేనెటీగ విషం కన్నా ఘాటేమీ కాదు, గుంపుగా వెంటపడి కుట్టడమే ప్రాణాంతకం. ఆ భయం చాలదన్నట్టు సినిమాలో విషాన్నే మహా ఘాటుగా చూపించారు.

ఒక్క సన్నివేశం మాత్రం స్వార్మ్‌ను నిలబెడుతుంది. విరుగుడు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి ఫోండా ఆ విషాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుంటాడు. మందు పనిచేసినట్టే ఉంటుంది, అంతలోనే ప్రాణం పోతుంది. పేలుళ్లు లేవు, పరుగులు లేవు. సినిమా అంతా ఇలా తీసుంటే ఎంత బాగుండేది!

ఒక్క సాయంత్రమే తీరికుంటే ఇన్‌ఫెర్నోకే ఇవ్వండి, నిడివి 165 నిమిషాలు. ఫోండా కోసం స్వార్మ్ కూడా చూడాలనిపిస్తే, 156 నిమిషాల పొడుగు కూర్పు జోలికి పోకుండా, థియేటర్లలో ఆడిన 116 నిమిషాల కూర్పు వెతుక్కోండి.