బ్లెండర్‌లో ఎయిర్‌పోర్టు: మీటర్లు, అడుగులు, ఒక రాక్షస జీపు

ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రామ్) సీనరీ కోసం, అంటే అందులో కనిపించే ఎయిర్‌పోర్టు బిల్డింగుల కోసం, బ్లెండర్ అనే త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం అన్న సంగతి అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. నాకు నచ్చింది కొలతల పద్ధతి. తెరవగానే ఒక యూనిట్ అంటే ఒక మీటరు. ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్ ఆబ్జెక్టు ఫైళ్లూ మీటర్లే, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ వాడే జీఎల్‌టీఎఫ్ అనే మోడల్ ఫైళ్లు కూడా మీటర్లే. కాబట్టి యూనిట్ స్కేల్‌ని 1.0 దగ్గర కదపకుండా ఉంచితే ఇక్కడ 40 మీటర్లు గీసింది అక్కడా 40 మీటర్లే.

తప్పంతా మన దగ్గరే జరుగుతుంది. నా మొదటి హ్యాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు) ప్లాన్ అడుగుల్లో ఉంది, వెడల్పు 120, నేను చూసుకోకుండా 120 అనే కొట్టేశాను. సిమ్‌లో దాని ముందు ఏ320 విమానం నిలబెడితే (రెక్కల చివర పైకి వంగి ఉండే షార్క్‌లెట్లతో కలిపి రెక్కల వెడల్పు 35.8 మీటర్లు) అలాంటివి మూడు పక్కపక్కనే పట్టేలా ఉంది! 120 అడుగులంటే 36.58 మీటర్లే, ఒక్క విమానం పడుతుంది, అదీ ఒళ్లు దగ్గర పెట్టుకుని తోస్తే. తర్వాత తెలిసిందేమిటంటే, డైమెన్షన్ బాక్సులో అంకె పక్కన ఎఫ్‌టీ అని కొడితే లెక్క అదే చేసుకుంటుందట. ఈ ఒక్క సౌకర్యానికే దండం పెట్టొచ్చు.

బయట నుంచి దింపుకున్న మోడళ్లతో ఇంకో తంటా. రకరకాల త్రీడీ ప్రోగ్రాములు వాడే మామూలు ఓబీజే మోడల్ ఫైల్లో యూనిట్ ఏమిటో రాసి ఉండదు, ఉత్త అంకెలే. ఎవరో అంగుళాల్లో చేసిన నాలుగున్నర మీటర్ల జీపుని తెచ్చి పెడితే 177 మీటర్లయి కూర్చుంది, రెండు పెద్ద ఏ380 విమానాలు వరసగా నిలబెట్టినా ఇంకా చోటు మిగిలేంత. అలాంటప్పుడు 0.0254తో స్కేల్ చేసి, వెంటనే కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చేయాలి, అంటే మార్చిన సైజునే అసలు సైజుగా ఖాయం చేయాలి. ఇది మరిచిపోతే ఎన్ ప్యానెల్‌లో (ఎన్ కీ నొక్కితే పక్కన తెరుచుకునేది) కొలత సరిగ్గానే కనిపిస్తుంది గానీ, ఒక వైపే సాగదీసిన గోడకి బెవెల్ వేస్తే (అంచుని ఏటవాలుగా చెక్కితే) అంచు ఒకచోట లావు, ఒకచోట సన్నం.

నేను ప్రతి ఫైల్లో 1.7 మీటర్ల డబ్బా ఒకటి మనిషి బదులు నిలబెడతాను, తలుపు పక్కన. కొలతలు గూగుల్ ఎర్త్ రూలర్‌తో తీసుకుంటాను. మొదట శంషాబాద్ పెద్ద రన్‌వే కొలిచి చూశా, 4,260 మీటర్లకి దగ్గరగా వచ్చాక ధైర్యం వచ్చింది. అయితే ఎత్తైన బిల్డింగుల పైకప్పు ఉపగ్రహ ఫొటోలో పక్కకి ఒరిగినట్టుంటుంది, నేల దగ్గరే కొలవండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మొదటి వారం షార్ట్‌కట్‌లతో తల తిరుగుతుంది, ఆ అర అందుకే తగ్గించాను.