పోస్ట్‌గ్రెస్ అసింక్రనస్ రెప్లికేషన్: మిర్యాలగూడ మిల్లులో కొన్ని సీజన్లు వాడాక

మా రైస్ మిల్లు కాంటా చీటీలు, రైతుల చెల్లింపులు అన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే నడుస్తాయి. ప్రైమరీ (ఎంట్రీలు పడే అసలు సర్వర్) మిల్లు ఆఫీసులో, స్టాండ్‌బై (దాని నకలు ఉంచే సర్వర్) హైదరాబాద్‌లో. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరతాయి, ప్రతి చీటీకీ హైదరాబాద్ జవాబు కోసం ఆగితే గేటు దగ్గర గొడవే, అందుకే అసింక్రనస్, అంటే జవాబు కోసం ఆగకుండా నకలు వెనక వెళ్లే పద్ధతి, పెట్టుకున్నాం. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు, నెట్ పోయినా తూకం ఆగదు.

తలనొప్పంతా ఫెయిలోవర్ (ప్రైమరీ పడితే స్టాండ్‌బైకి మారడం) అయ్యాకే. ఒక సాయంత్రం నెట్ పోయింది, అది రాకముందే ఇక్కడి సర్వర్ కూడా పడిపోయింది, ఆ మధ్య కొట్టిన చీటీలు హైదరాబాద్ చేరలేదు. నెట్ వచ్చాక హైదరాబాద్ దాన్ని ప్రమోట్ చేసి, అంటే ప్రైమరీగా మార్చి, పని మొదలుపెట్టాం. తెల్లారి త్రిపురారం రైతు ఒకాయన చీటీ పట్టుకొచ్చాడు, చూస్తే అదే నంబరు మీద సిస్టమ్‌లో వేములపల్లి రైతు ఉన్నాడు. "నా వడ్లు మీ కంప్యూటర్ తిన్నదా సార్?" అన్నాడు, ఏం చెప్తాం! చీటీ నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ 32 నంబర్లు ముందుగానే వాల్‌లో (స్టాండ్‌బైకి వెళ్లే మార్పుల లాగ్‌లో) రాసి పెడుతుంది, కాబట్టి కొద్ది చీటీలే పోతే కొత్త ప్రైమరీ వాటిని దాటి మొదలవుతుంది. అంతకంటే ఎక్కువ పోతే మాత్రం అవే నంబర్లు మళ్లీ ఇచ్చేస్తుంది.

పాత సర్వర్ లేచాక దాన్ని కొత్త ప్రైమరీకి స్టాండ్‌బైగా మార్చడానికి పీజీ రివైండ్ అనే టూల్ నడపమంటారు. నడపండి, కానీ ముందు పాత డేటా డైరెక్టరీ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. రివైండ్ రెండు వైపుల డేటానీ కలపదు, పాతదాన్ని కొత్తదానిలా మార్చేస్తుంది, ఆ పోయిన చీటీలు ఇక ఎక్కడా ఉండవు. పైగా దానికి డేటా చెక్‌సమ్స్ (డేటా పాడైందా అని చూసే ఏర్పాటు) గానీ వాల్ లాగ్ హింట్స్ అనే సెట్టింగ్ గానీ ముందే ఆన్‌లో ఉండాలి (పోస్ట్‌గ్రెస్ 18వ వెర్షన్ నుంచి కొత్త క్లస్టర్లకు, అంటే కొత్తగా పెట్టే డేటా డైరెక్టరీలకు, చెక్‌సమ్స్ వాటంతటవే వస్తాయి). కాపీని వేరే పోర్టులో లేపి, తేడా వచ్చిన చీటీలను పాత నంబరు పక్క కాలమ్‌లో ఉంచి కొత్త నంబరుతో ఎక్కించాం. చీటీల వరకు పర్వాలేదు గానీ, ఒకే రైతు బాకీ రెండు వైపులా మారితే ఏది నిజమో ఏ టూలూ చెప్పదు, మునీమ్ పుస్తకం తియ్యాల్సిందే. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ అంతటి వాళ్లకే 2018 అక్టోబరులో 43 సెకన్లు లింకు తెగితే సర్దుకోవడానికి 24 గంటలు దాటింది, అది మైఎస్‌క్యూఎల్ అనే వేరే డేటాబేస్ అనుకోండి.

ఇప్పుడు సింక్రనస్ కమిట్ అనే సెట్టింగ్‌ని కాంటా యూజర్‌కి లోకల్ (ఇక్కడ రాస్తే చాలు), చెల్లింపుల యూజర్‌కి ఆన్ (స్టాండ్‌బై జవాబు దాకా ఆగాలి) పెట్టాం. చీటీ నంబరు ముందు సర్వర్ గుర్తు కూడా చేర్చాం. స్టాండ్‌బై పడుకుంటే చెల్లింపు తిరుగుతూనే ఉంటుంది, అకౌంటెంట్‌కి టెన్షన్. అప్పుడు క్యాన్సిల్ కొడితే ఎంట్రీ పోయిందనుకుంటారు, కానీ అది ఇక్కడ అప్పటికే కమిట్ అయిపోయి ఉంటుంది, మళ్లీ కొడితే డబ్బు రెండుసార్లు పోతుంది. ఆ స్క్రీన్‌లో క్యాన్సిల్ బటనే తీసేయించాం.