కడపలో కూర్చుని సముద్రం సూడాలంటే ఇన్‌కాయిస్ సైటే

మా తమ్ముడు వైజాగ్‌లో నేవీలో చేరినప్పట్నుంచి కడపలో నాకు పొద్దున్నే టీ తాగుతా ఇన్‌కాయిస్ సైట్ సూడ్డం అలవాటైపాయ, సముద్రం వివరాలు సెప్పే, హైదరాబాద్‌లో ఉండే గవర్నమెంట్ సంస్థే, పైసా కట్టే పన్లేదు. అలల ఎత్తు, స్వెల్ (దూరంలో గాలికి పుట్టి ఇక్కడిదాకా వచ్చే అలలు), గాలి అన్నీ మ్యాప్ మీద రంగుల్లో ఉంటాయి. 3 మీటర్లు అని సూపిస్తే అదే గరిష్ఠం అనుకోవద్దు, అన్ని అలల్లో పెద్దవి మూడో వంతు తీసుకుని వేసిన సగటు అది, ఒక్కో అల దానికి డబల్ కూడా రావచ్చు. ఇక్కడ గాలి లేకున్నా యాడో దూరంలో పుట్టిన స్వెల్ వచ్చి షిప్‌ను ఊపుతాది, అట్లాంటప్పుడు డెక్ మీద హెలికాప్టర్ దింపడం శానా కష్టం. 1944 డిసెంబర్‌లో తుఫాన్లో ఇరుక్కుని అమెరికా నేవీవి 3 డిస్ట్రాయర్లు (యుద్ధ నౌకలు) మునిగిపోయినాయి, అందులో స్పెన్స్ అనే షిప్‌లో ఫ్యూయెల్ అయిపోవచ్చి అది తేలికై, అలలకు సులభంగా ఒరిగిపోయేటట్టు ఉండె. నేనైతే 5కి 5 ఇస్తా, నేవీలో మనవాళ్లు ఉంటే సూడండి, తుఫాన్ టైంలో ఐఎండీ (వాతావరణ శాఖ) బులెటిన్ కూడా పక్కన పెట్టుకోండి.