1916 లేదు, 1919 ఉంది: కెనడియన్స్ బ్యానర్ల సెట్టు మీద నా రివ్యూ

కెనడాలోని మాంట్రియల్ కెనడియన్స్ అనే ఐస్ హాకీ జట్టు అభిమానుల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చిన్న బ్యానర్ల సెట్టు ఇది. జట్టు సొంత స్టేడియం బెల్ సెంటర్‌లో, ఆడే మంచుకి పైన వేలాడే పెద్ద బ్యానర్లకి బుల్లి నకళ్ళు అనుకోండి. జట్టు హాకీలో అన్నిటికన్నా పెద్దదైన స్టాన్లీ కప్ గెలిచిన ఏడాదులకి 24, రిటైర్ చేసిన (అంటే గొప్ప ఆటగాళ్ళ గౌరవార్థం ఇక ఎవరికీ ఇవ్వని) జెర్సీ నంబర్లకి 15. ఒక్కోటి అరచేతి కన్నా కాస్త పెద్దది. వీటితో పాటు రెండు తాళ్ళు, ట్రోఫీల వివరాలు రాసిన ఒక అట్ట కార్డు, "బోనస్" అని ఇంకో బ్యానరు. ధర 85 డాలర్లు, దాని మీద క్యుబెక్‌లో ఉండేవాళ్ళకి తప్పని రెండు పన్నులూ. అమ్మిన దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి సెట్లు చాలా చోట్ల అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే అన్నీ ఒకే చోట తయారైనట్టున్నాయి. కాబట్టి ఎక్కడ కొన్నా ఈ రివ్యూ పనికొస్తుంది.

గుడ్డ, రంగు, కుట్టు బాగున్నాయి. ఫెల్టు మందంగా ఉంది, అంచులు పీచు లేవడం లేదు. ఎరుపు నిజంగా కెనడియన్స్ ఎరుపే, చవకరకం జెర్సీల మీద కనిపించే నారింజ ఛాయ లేదు. తాళ్ళు మాత్రం వేస్టు. మేం మామూలు నూలు తాడు కట్టుకున్నాం.

ఇక అసలు విషయం. నేను మందుల కంపెనీలో లేబుళ్ళు తనిఖీ చేసే సెక్షన్‌లో పని చేస్తాను. బ్యాచ్ నంబర్లో ఒక్క అంకె తేడా వచ్చినా లాటు మొత్తం ఆపేస్తాం. ఆ అలవాటు ఇంట్లోనూ పోదు. "ముందు గోడకి తగిలించండి, మీ ఆడిట్ తర్వాత చేసుకోవచ్చు" అంది మా ఆవిడ. నేను వినలేదు. నేలమీద వరసగా పరిచి ఏడాదులు చదవడం మొదలుపెట్టాను. మొదటి బ్యానరు మీద 1919 అని ఉంది.

మొదటిది 1916 ఉండాలి. ఆ ఏడాది కెనడియన్స్ ఇంకా నేషనల్ హాకీ అసోసియేషన్‌లో ఆడుతున్నారు. పసిఫిక్ తీరం లీగ్ నుంచి వచ్చిన పోర్ట్‌లాండ్ రోజ్‌బడ్స్‌ని అయిదు ఆటల సిరీస్‌లో 3-2తో ఓడించి మొదటిసారి కప్పు తీసుకున్నారు. గోల్‌లో జార్జ్ వెజీనా. ఇప్పుడు మనం చూసే ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) పుట్టింది ఆ తర్వాత, 1917 నవంబర్‌లో, ఇదే మాంట్రియల్లోని విండ్సర్ హోటల్లో. అంటే ఈ జట్టు తన లీగ్ కన్నా వయసులో పెద్దది, దాని మొదటి కప్పు కూడా లీగ్ కన్నా పాతది. ఎన్‌హెచ్‌ఎల్ లెక్కల్లో మాత్రమే వెతికితే 23 కప్పులే కనిపిస్తాయి. సెట్టు తయారుచేసినవాళ్ళు అలాగే చేసి ఉంటారని నా అనుమానం. 23 దొరికాయి, అందరూ 24 అంటున్నారు, మరి ఆ మిగిలిన ఒక్కటీ ఏది? పాత జాబితాల్లో కెనడియన్స్ పేరు పక్కన 1919 కనబడింది, దాన్నే అచ్చు వేసేశారు.

1919లో ఎవరూ గెలవలేదు. స్పానిష్ ఫ్లూ రోజులు. కెనడియన్స్ సియాటిల్ వెళ్ళి మెట్రోపాలిటన్స్‌తో ఫైనల్ ఆడారు. అయిదు ఆటలయ్యేసరికి చెరో రెండు, ఒకటి డ్రా. తేల్చే ఆట రోజుకి కెనడియన్స్‌లో నిలబడి ఆడగలిగినవాళ్ళే సరిపడా లేరు. కప్పు మీరే తీసుకోండి అన్నా సియాటిల్ జట్టు తీసుకోలేదు, జబ్బు పడ్డవాళ్ళ మీద గెలిచి ఏం చేసుకుంటాం అని. నాలుగు రోజులకి డిఫెన్స్ ఆటగాడు జో హాల్ అక్కడి ఆస్పత్రిలోనే చనిపోయాడు. కప్పు మీద ఆ ఏడాదికి రెండు జట్ల పేర్లూ చెక్కి, కింద సిరీస్ పూర్తి కాలేదని రాశారు. అలాంటి ఏడాదికి "చాంపియన్స్" అని ఎర్ర బ్యానరు కుట్టి అమ్మడం నాకు నచ్చలేదు. ఇది అక్షర దోషం కాదు. జో హాల్ కథ తెలిసినవాళ్ళకి కష్టంగానే ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకు, గుడ్డ ముక్కలే కదా అంటారేమో. కప్పు గురించి ఒక సంగతి చెప్తాను. స్టాన్లీ కప్ నడుం చుట్టూ వెండి పట్టీలు ఉంటాయి, గెలిచిన ఆటగాళ్ళ పేర్లు వాటి మీదే చెక్కుతారు. చోటు నిండగానే అన్నిటికన్నా పాత పట్టీ తీసేసి కొత్త ఖాళీ పట్టీ వేస్తారు. తీసేసింది టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి పోతుంది. 2018లో తీసిన పట్టీ మీద 1954 నుంచి 1965 దాకా ఉన్న విజేతలు ఉన్నారు. కెనడియన్స్ వరసగా అయిదు కప్పులు గెలిచిన 1956 నుంచి 1960 దాకా మొత్తం అందులోనే ఉంది. వరసగా అయిదు ఇంకే జట్టూ గెలవలేదు. ఆ జట్టు స్టార్ మోరిస్ రిషార్ పేరు ఇప్పుడు ఊరూరా తిరిగే కప్పు మీద లేదు. చూడాలంటే టొరంటో వెళ్ళాలి, అదీ మన ప్రత్యర్థి జట్టు మేపుల్ లీఫ్స్ ఊరికి! మాంట్రియల్లో మాత్రం ఆ అయిదూ బ్యానర్ల మీద అలాగే వేలాడుతున్నాయి. అందుకే బ్యానరు మీద ఏడాది తప్పు పోతే నాకు ఒప్పదు.

న్యాయంగా చెప్పాలంటే అసలు కప్పు మీదే తప్పులున్నాయి. 1972 బోస్టన్ పేరులో 'ఓ' ఉండాల్సిన రెండు చోట్లా 'క్యూ' పడింది. 1981లో ఐలాండర్స్ జట్టు పేరులో ఒక 'ఎస్' ఎగిరిపోయింది. ఆ వరస అయిదు కప్పుల గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ పేరును రకరకాల స్పెల్లింగులతో చెక్కారు. మా సెక్షన్‌లో అయితే ఆ కప్పు గేటు దాటేది కాదు. కానీ పేరులో అక్షరం పోవడం వేరు, గెలవని ఏడాదిని గెలిచినట్టు చూపించడం వేరు.

మిగతా 23 ఏడాదులూ సరిగ్గా ఉన్నాయి, ఒక్కోటీ సరిచూశాను. అన్నీ ఒకే సైజు కావడం నాకు బాగా నచ్చింది. 1977ని తీసుకోండి. 80 ఆటల్లో 60 గెలిచి, 8 మాత్రమే ఓడి, 12 డ్రా చేసి 132 పాయింట్లు తెచ్చుకున్న జట్టది. సొంత మంచు మీద సీజన్ మొత్తంలో ఒక్కసారే ఓడింది. ఫైనల్లో బోస్టన్‌ని నాలుగు ఆటల్లోనే ముగించింది. ఆ ఏడాది గీ లఫ్లర్‌కి హార్ట్ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), ఆర్ట్ రాస్ (అందరికన్నా ఎక్కువ పాయింట్లు), కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు) మూడు ట్రోఫీలూ వచ్చాయి, లారీ రాబిన్‌సన్‌కి మేటి డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్, కోచ్ స్కాటీ బౌమన్‌కి మేటి కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్. ఇంత జరిగినా దాని బ్యానరు, ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాత కప్పు కోసం ఆడే సిరీస్‌ల్లో) వరసగా పది ఓవర్‌టైములు గెలిచి ఒడ్డెక్కిన 1993 బ్యానరు పక్కన అదే కొలతలో ఉంది. బెల్ సెంటర్ తీరు కూడా ఇదే. డివిజన్ గెలిచాం, రెగ్యులర్ సీజన్లో ముందున్నాం అని అక్కడ బ్యానర్లు కట్టరు. 2023లో బోస్టన్ 135 పాయింట్లతో ఆ 132 రికార్డు కొట్టి, మొదటి రౌండులోనే ఫ్లోరిడా చేతిలో ఇంటిముఖం పట్టింది. ఆ పద్ధతి ఎందుకో అప్పుడు మా అబ్బాయికి బాగా అర్థమైంది.

ఆ బోనస్ బ్యానరుతో గొడవ అక్కడే. దాని మీద 2021 అని ఉంది. ఆ ఏడాది కరోనా వల్ల డివిజన్లు మార్చారు, సెమీఫైనల్లో వేగస్‌ని ఓడించి కెనడియన్స్ క్లారెన్స్ క్యాంప్‌బెల్ బౌల్ తీసుకున్నారు. మామూలుగా అది పడమటి జట్లకి వెళ్ళే ట్రోఫీ. గెలిచిన రోజు జూన్ 24, అంటే క్యుబెక్ పండగ సెయింట్ జాన్ రోజు, మన ఆటగాడు లెకొనెన్ ఓవర్‌టైము గోలు. అంతా నిజమే, సంబరమే. ఫైనల్లో మాత్రం టాంపా బే 4-1తో కొట్టింది. "నాన్నా, ఓడిపోయిన ఏడాది కూడా కడతామా?" అన్నాడు మావాడు. కట్టలేదు. వాడి గది తలుపుకి పిన్ను పెట్టుకున్నాడు, ఆ గోలు మీద ప్రేమతో.

నంబర్ల బ్యానర్ల దగ్గరికి వస్తే, 15 నంబర్లకి 18 మంది ఆటగాళ్ళు. 5, 12, 16 ఇద్దరిద్దరివి. ఈ సెట్టులో 12 మీద డికీ మూర్, ఇవాన్ కుర్న్వాయే ఇద్దరూ ఉన్నారు, 16 మీద ఎల్మర్ లాక్, హెన్రీ రిషార్ ఉన్నారు. 5 మీద బెర్నీ జెఫ్రియాన్ ఒక్కడే. గీ లపాయింట్ లేడు. లపాయింట్ నంబరు రిటైర్ చేసింది 2014లో. వీళ్ళ డిజైను అంతకు ముందుదన్నమాట. మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదు కాబోలు. జెఫ్రియాన్ బ్యానరు అంటేనే మా పక్కింటి పెద్దాయన కళ్ళు తుడుచుకుంటాడు. 2006 మార్చి 11న ఆ బ్యానరు పైకి లేపాల్సిన రోజే జెఫ్రియాన్ చనిపోయాడు. ఆయన మామగారు హౌవీ మోరెంజ్, 7వ నంబరు. కాలు విరిగి ఆస్పత్రిలో చేరి 1937లో పోయాడు, ఈ జట్టు రిటైర్ చేసిన మొదటి నంబరు అతనిదే. మామా అల్లుళ్ళ నంబర్లు పక్కపక్కన వచ్చేలా తాడు మీద 5 తర్వాత 7 కట్టాం. అది ఎలాగూ అంకెల వరసే, వేరే కష్టపడక్కర్లేదు.

అనుకోకుండా నచ్చింది ఆ అట్ట కార్డు. ఇది రాసినవాళ్ళు బ్యానర్లు కూడా చూసుకుని ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. గోల్‌కీపర్లకిచ్చే వెజీనా ట్రోఫీ గురించి చక్కగా రాశారు. 1910 నుంచి ఒక్క ఆట కూడా మానని వెజీనా, 1925 నవంబర్‌లో ఆట మధ్యలో జ్వరంతో బయటికి వెళ్ళి, కొన్ని నెలలకే క్షయతో పోయాడు. అతని పేరు మీద కెనడియన్స్ యజమానులే ఆ ట్రోఫీ ఇచ్చారు. 1981 దాకా అది అందరికన్నా తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోల్‌కీపర్లకి వెళ్ళేది. తర్వాత జనరల్ మేనేజర్ల ఓటుకి మార్చి, పాత పద్ధతికి జెన్నింగ్స్ అని వేరే ట్రోఫీ పెట్టారు. కాబట్టి పాత వెజీనాలు సగం డిఫెన్స్‌వి కూడా. కెనడియన్స్ గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ సంగతీ ఉంది. 1971లో రెగ్యులర్ సీజన్లో ఆరు ఆటలే ఆడి, ప్లేఆఫ్స్‌లో కాన్ స్మైత్ కొట్టి, మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్ళకిచ్చే కాల్డర్ తీసుకున్నాడు. ఇంత క్రమం తప్పి అవార్డులు వచ్చినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఈ కార్డు ఫ్రేము కట్టించాను.

తప్పులన్నీ రాసి, ఫొటోలు పెట్టి అమ్మినవాళ్ళకి మెయిల్ చేశాను. మొదట "మా సమాచారం అధికారికం" అని జవాబు. మళ్ళీ రాశాను, ఈసారి 1919 సిరీస్ ఆట ఆటకీ స్కోర్లతో. అప్పుడు 1916 బ్యానరు ఉచితంగా పంపిస్తామన్నారు, పంపారు కూడా. ఎరుపు ఒక పిసరు ముదురుగా ఉంది, దూరం నుంచి తెలియదు. 5వ నంబరు గురించి మాత్రం "స్టాకు అయ్యాక చూస్తాం" అన్నారు. మా ఆవిడ తెల్ల దారంతో లపాయింట్ పేరు కుట్టేసింది. అచ్చు కన్నా అదే బాగుంది.

అయిదుకి మూడు చుక్కలు ఇస్తున్నాను. గుడ్డకి, కార్డుకి పూర్తి మార్కులు, ఏడాదులకి కోత. 1919 తీసేసి 1916 పెట్టిన రోజున నాలుగు చేస్తాను. కొనేవాళ్ళు ఆర్డరు పెట్టేముందు ఆ ఏడాది ఉందో లేదో అడగండి. మొదటి బ్యానరు ఫొటో పంపమంటే పంపుతున్నారు.