రామప్ప దాకా అద్దె గేరు సైకిల్: బండి మంచిదే, అప్పగింతే బాగాలేదు

హనుమకొండలో గేరు సైకిళ్లను రోజువారీ అద్దెకు ఇచ్చే ఒక దుకాణం నుంచి 500 రూపాయలకు బండి తీసుకుని, డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడి దాకా వెళ్లి వచ్చాను. రానూపోనూ దాదాపు 140 కిలోమీటర్లు. మల్లంపల్లి దాకా రోడ్డు గురించి చెప్పుకోవలసినదేమీ లేదు; పక్కనుంచి దూసుకుపోయే లారీల గాలిని తట్టుకుంటే చాలు.

అసలు పరీక్ష గట్టమ్మ దగ్గర మొదలవుతుంది. మేడారం పోయే బండ్లన్నీ ఆగి కొబ్బరికాయ కొట్టే ఆ గుట్ట మీద చడావు కారులో పోయేవారికి తెలియదు గాని, తొక్కేవారికి బాగా తెలుస్తుంది. ఈ సైకిల్‌కు ముందు మూడు, వెనుక ఏడు పళ్లచక్రాలు ఉన్నాయి. ముందు అన్నిటికన్నా చిన్నదానికి 24 పళ్లు, వెనుక అన్నిటికన్నా పెద్దదానికి 28 పళ్లు ఉండడం వల్ల, పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగినా వెనుక చక్రం ఒక చుట్టు కూడా తిరగదు. వేగం నడకకు దగ్గరగా పడిపోతుంది గాని, దిగి తోసుకుంటూ పోవలసిన అవసరం రాదు. సామాను సంచితో సహా నేను కూర్చునే ఎక్కాను. బండికి పూర్తి మార్కులు ఇక్కడే వేస్తాను.

దుకాణం వారి పనితనానికి మాత్రం వేయలేను. సీటు నా ఎత్తుకు చాలా కిందికి ఉందని అప్పుడే చెబితే, "ఏం కాదన్నా, అలవాటైతది" అన్నారు. ములుగు చేరేసరికి రెండు మోకాళ్ల ముందు భాగం సలపడం మొదలైంది. వారిచ్చిన పనిముట్ల సంచిలో సీటు బిగింపును విప్పే ఎలెన్ కీ లేదు. ఒక బైకు మెకానిక్ తనది ఇచ్చి, పైసలు కూడా తీసుకోలేదు. మడమ పెడల్ మీద ఆనించి కిందికి దించినప్పుడు కాలు తిన్నగా వచ్చేంతవరకు సీటు లేపుకున్నాక నొప్పి మెల్లగా తగ్గింది.

జంగాలపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి వెంకటాపూర్ వైపు తిరిగితే రద్దీ తగ్గుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినందున, ఆదివారం కార్లు మాత్రం తప్పవు. చెరువు కట్ట మీద పులిహోర తిని, గంటసేపు కాళ్లు చాపుకున్నాను.

తిరుగు ప్రయాణంలో గేర్లు మొరాయించాయి. చైను వెనుక పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కకుండా, పక్కదాని మీదే గరగరలాడుతూ ఉండిపోయింది. కేబుల్ వదులైనప్పుడు ఇలా జరుగుతుంది. గేరు దగ్గర కేబుల్ చివర ఉండే చిన్న మరను ఎడమకు అర చుట్టు తిప్పగానే చైను సరిగ్గా ఎక్కింది. అర నిమిషం పని. బండి అప్పగించే ముందు ఒక్కసారి గేర్లన్నీ మార్చి చూస్తే దుకాణంలోనే తెలిసేది.

ఈ దారికి బండి తీసుకునేవారు 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు సొంతంగా వెంట ఉంచుకోవాలి. రాత్రి సైకిల్ తిరిగి ఇస్తూ గేరు సంగతి చెప్పాను. అక్కడి అబ్బాయి తల ఊపి, ఎక్కడా రాసుకోకుండా, మరునాటి బేరం కోసం దాన్ని వరుసలో నిలబెట్టాడు.