పిల్లతో ఒక్కదాన్నే: షికాగో నుంచి హైదరాబాద్‌కి ఏ దారి నయం?

షికాగో నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాల్సిందే. పిల్లతో ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, టికెట్ ధర తర్వాత, ముందు మారే ఎయిర్‌పోర్టు చూసుకోండి. విమానంలో పదమూడు, పద్నాలుగు గంటలు ఎలాగోలా గడిచిపోతాయి. దిగాక మాత్రం చంకలో పిల్ల, భుజాన డైపర్ బ్యాగు, చేతిలో రెండు పాస్‌పోర్టులు, ఎదురుగా మనకి అర్థం కాని బోర్డులు.

పిల్లలకైతే దోహా నాకు బాగా నచ్చింది. ఆడుకునే చోట్లున్నాయి, 2022లో తెరిచిన ఆర్చర్డ్ అనే తోట లోపలే ఉంది, ఇక తలలోంచి దీపం పొడుచుకొచ్చిన ఆ ఏడు మీటర్ల పసుపు ఎలుగుబంటిని చూశాక మా బుజ్జిది అక్కణ్ణుంచి కదల్లేదు. దుబాయ్ మరీ పెద్దది, దిగాక మళ్ళీ సెక్యూరిటీ చెక్, ఒక్కోసారి గేటు దాకా రైలెక్కి పోవాలి. కానీ ఎమిరేట్స్ వాళ్ళు అక్కడ తోపుడు బండి ఉచితంగా ఇస్తారు, ఆ ఒక్కదానికే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. రెండు విమానాల మధ్య గ్యాప్ మరీ ఎక్కువైతే ఈ రెండు చోట్లా లోపలే హోటళ్ళున్నాయి, బయటికి పోనక్కర్లేదు, వీసా గొడవ లేదు. రేటు గట్టిగానే ఉంటుంది గానీ తలుపేసుకుని పిల్లని పక్కలో పడుకోబెట్టుకోవడం లాంజ్‌లో కుదరదు కదా.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నా ఓటు అబుదాబికి. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, 2014 నుంచీ ఉందీ పద్ధతి, కాబట్టి షికాగో ఎయిర్‌పోర్టు ఓహేర్‌లో నిద్రమత్తులో ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని క్యూలో నిలబడే పని లేదు. ఆ క్యూ అబుదాబిలో నిలబడాలి, నిజమే, అందుకని మూడు గంటలకి తక్కువ గ్యాప్ పెట్టుకోవద్దు. ఢిల్లీ మీదుగా అయితే భాష ఇబ్బంది ఉండదు, కానీ ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెల సంగతీ అక్కడే తేల్చుకోమంటే ఒక్క మనిషికి చేతులు చాలవు.

రెండేళ్ళ లోపు పిల్లలకి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సుమారు పది శాతం టికెట్టే. వెళ్ళేటప్పుడు రెండు నిండకపోయినా వచ్చేలోపు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి, ఇది చాలామంది చూసుకోరు. పిల్లని పడుకోబెట్టే ఊయల (బాసినెట్) కావాలంటే బుక్ చేసిన రోజే ఫోన్ చేసి అడగండి, గల్ఫ్ విమానాల్లో పిల్ల బరువు దాదాపు 11 కిలోల దాకా ఒప్పుకుంటారు. అది ఉండే ముందు వరసలో ట్రే సీటు చేతిలోంచి బయటికొస్తుంది, పిల్ల ఒళ్ళో ఉంటే అది తెరుచుకోదు, మనం తినలేం. పైగా కాస్త కుదుపొచ్చి సీటు బెల్టు లైటు వెలిగిందంటే అప్పుడే నిద్రపోయిన పిల్లని తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. అయినా నేను ఊయలే అడుగుతాను, కాళ్ళ దగ్గర ఖాళీ కోసం.

బాత్రూం సంగతి ఎవరూ చెప్పరు. డైపర్ మార్చే బల్ల కమోడ్ పైన గోడకి మడిచి ఉంటుంది, దించితే మనం తలుపుకి అతుక్కుని నిలబడాలి, పిల్ల కాలు ఝాడిస్తే నేరుగా కుళాయికి తగులుతుంది. మొత్తం బ్యాగు మోసుకెళ్ళకండి, ఒక డైపరు, నాలుగు తడి వైప్స్ చాలు. మరి మనం వెళ్ళాలంటే? హైదరాబాద్ విమానమంటే మనవల్ని చూసుకుని తిరిగెళ్ళే అమ్మమ్మలు, నానమ్మలు సగం మంది ఉంటారు. మొహమాటపడకుండా వాళ్ళలో ఒకావిడతో "ఆంటీ, ఒక్క రెండు నిమిషాలు" అన్నాను. "ఇలా తే అమ్మా, నువ్వు ముందు వెళ్ళి రా, వచ్చి స్థిమితంగా తిను" అని ఆవిడ నేను తినేదాకా పిల్లని దించలేదు. ఆవిడ ఇమిగ్రేషన్ గురించి అడిగింది, నేను చెప్పాను, లెక్క సరిపోయింది.

నిద్రపోతుందని అలర్జీ సిరప్ పట్టించమనేవాళ్ళు బోలెడుమంది. మా పిల్లల డాక్టరు వద్దే వద్దన్నారు, కొందరు పిల్లలు అది తాగితే ఇంకా గంతులేస్తారట. చెవులు దిబ్బడ వేయకుండా విమానం కిందికి దిగడం మొదలవగానే, అంటే నేలకి దిగడానికి సుమారు అరగంట ముందు, పాలు పట్టండి. పాలు, పిల్లల తిండి 100 మి.లీ. దాటినా అమెరికా సెక్యూరిటీలో ఒప్పుకుంటారు, బయటికి తీసి ముందే చెప్పాలి. ఉగ్గు పొడికి వేడినీళ్ళు అడిగితే విమానంలో ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చిన ఉగ్గు పొడి, రాగి పొడి చెక్-ఇన్ పెట్టెలో పడేయండి, అమెరికా వచ్చే విమానాల్లో 350 మి.లీ. దాటిన పొడులు చేతి బ్యాగులో ఉంటే ఆపుతారు, డబ్బా పాలపొడికైతే మినహాయింపుంది.

ఒక ఎయిర్‌లైన్ వాళ్ళు, పేరు అనవసరం, గేటు దగ్గర తీసుకున్న మా తోపుడు బండిని మారే చోట ఇస్తామని చెప్పి నేరుగా హైదరాబాద్ బెల్టు మీదకి పంపారు. అందుకే పిల్లని కట్టుకునే క్యారియర్ లేకుండా బయల్దేరకండి. పిల్లని తీసుకెళ్ళడానికి ఒప్పుకుంటున్నట్టు పిల్ల నాన్న సంతకంతో నోటరీ చేసిన ఉత్తరం కూడా పెట్టుకోండి, నన్నెవరూ అడగలేదు గానీ అడిగితే అక్కడ ఏం చేస్తాం.

గల్ఫ్ విమానాలు చాలామటుకు అర్ధరాత్రో తెల్లవారుజామునో షంషాబాద్‌లో దిగుతాయి. మాది విజయవాడ, "ఐదు గంటల్లో ఇంట్లో ఉంటాం, ఎక్కేయ్" అంటారు మావాళ్ళు. ఎక్కొద్దు. ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఒక గది తీసుకుని పిల్లకి స్నానం చేయించి, అన్నం తినిపించి, మధ్యాహ్నం బయల్దేరండి. అలిగినా రెండు రోజుల్లో వాళ్ళే మర్చిపోతారు.