పెరట్లో కొత్త పిట్ట: కెమెరా మేలా, యాప్ మేలా, బైనాక్యులర్స్ మేలా?

చలికాలం మొదలైతే చాలు, మా శ్రీకాకుళంలో పిట్టలు చూసే కుర్రాళ్లు ఇదే అడుగుతారు: "ఉన్న డబ్బుల్తో కెమెరా కొనీమంటారా, బైనాక్యులర్సా? ఫోన్లో పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ ఉందికదా, అది చాలదా?"

తేలినీలాపురంలో గూడబాతుల్ని చూడ్డానికైతే ఏదైనా ఒకటే, వాటిని ఎవరైనా పోల్చుకుంటారు. చిక్కంతా జీడిమామిడి కొమ్మల్లో దూరే చిన్న పిట్టలతోనే.

వలస వచ్చినవి ఇక్కడ పెద్దగా పాడవు. పాట గూడు కట్టుకునే చోట, వేసవిలో. మనకు దక్కేది చిన్న కూత. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట పొదలోంచి "చెక్, చెక్" అంటుంది. దాన్ని పోలిన గ్రీనిష్ వార్బ్లర్ చిటారు కొమ్మల్లోంచి "చిస్‌వీ" అంటుంది. రంగు చూసి వీటిని విడదీయాలంటే ఆకుల నీడ మోసం చేస్తుంది. కూత వింటే క్షణం పట్టదు.

మొన్న జనవరిలో నాగావళి గట్టు దగ్గర మామిడి తోటలో ఒక ఫ్లైక్యాచర్ (ఎగిరే పురుగుల్ని పట్టే చిన్న పిట్ట) తోక ఎగరేస్తూ కనపడింది. రెడ్ బ్రెస్టెడా, టైగానా? ఒకప్పుడు ఈ రెండింటినీ ఒకే జాతి అనేవారు. గొంతు ఎరుపు లేని పిట్టయితే మరీ కష్టం. తోక మొదలు మీది ఈకలు తోకకన్నా నల్లగా ఉంటే టైగా, ముక్కు కింది భాగం మొదట్లో లేతగా ఉంటే రెడ్ బ్రెస్టెడ్. ఇక్కడ కెమెరాదే పైచేయి, ఒప్పుకుంటాను. అయినా నా ఫోటోలో తోక నీడలో పడింది. చివరికి తేల్చింది ఫోన్లో పడ్డ "ట్ర్‌ర్‌ర్" అన్న కూత. టైగాది వేగంగా, పొడిగా ఉంటుంది.

అందుకే మెర్లిన్ చెప్పే పేరుకన్నా, అది దాచే రికార్డింగే నాకు విలువైనది. ఈ యాప్ తయారుచేసిన అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఇందులో శబ్దంతో గుర్తించే సౌకర్యం 2021లో తెచ్చారు. దాని జవాబును తీర్పు అనుకోకండి. జెర్డన్స్ లీఫ్‌బర్డ్ ఇతర పిట్టల కూతల్ని చక్కగా అనుకరిస్తుంది. యాప్ పేరు చెప్పాక ఆ పిట్టను కళ్లతో చూసి తీరాలి. రికార్డింగ్ మళ్లీ వినిపించి పిట్టను మాత్రం రప్పించకండి, గూళ్ల కాలంలో అసలే వద్దు.

చెవి ఎందుకంటానంటే, పక్కనున్న విశాఖ మన్యంలో అబ్బట్స్ బాబ్లర్ ఉంది. హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే ఆ పిట్ట ఇక్కడ విడిగా మిగిలింది. ఈ ఉపజాతికి 1985లో కృష్ణరాజుయి అని పేరు పెట్టారు, విశాఖకు చెందిన పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు మీద. గోధుమ రంగు పిట్ట, పొదల అడుగున తిరుగుతుంది. కూత తెలియకపోతే పక్కనుంచే నడిచి వెళ్లిపోతాం.

పుస్తకం ఒకటి ఇంట్లో ఉంచుకోండి, సంచిలో అక్కర్లేదు.

కొనాల్సింది బైనాక్యులర్స్, 8×42: అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పదింతలవి చేతిలో ఎక్కువ వణుకుతాయి, పిట్ట కొమ్మ మారితే వెతుక్కోవాలి. కొనేముందు రెండు మీటర్ల దూరంలోని ఆకు స్పష్టంగా కనిపిస్తోందో లేదో చూడండి. పెరట్లో పిట్టలు అంత దగ్గరగానే వాలతాయి.